ఎలుకమ్మా! మా ఇంటి దారి మరిచిపో

ఆ రోజు పొద్దున అటక మీది చెక్కపెట్టె దించి తెరిచాను. నాలుగేళ్ళ కిందట సగం రాసి వదిలేసిన కథ ఒకటి అందులో దాచిన గుర్తు. కథ ఉంది. కాకపోతే కాగితాల రూపంలో లేదు. సన్నగా తరిగిన క్యాబేజీలా తునకలు తునకలై, గుండ్రంగా గూడు కట్టుకుని ఉంది. ఆ గూట్లో ఇంకా కళ్ళు తెరవని గులాబీ రంగు పిల్లలు ఆరు! నా కథల్ని తిప్పి పంపిన సంపాదకులు ఉన్నారు గానీ, ఇలా నమిలి వదిలిపెట్టినవారు మాత్రం ఇదే మొదలు.

"అత్తమ్మా!" అని కేక పెట్టాను.

మా అత్తగారు నింపాదిగా వచ్చి పెట్టెలోకి తొంగిచూసింది. "కాగితాలే గదమ్మీ! పోయిన ఏడు రెండు శనగ సంచులకు ఇట్లనే బొక్కలు పెట్టినాయి. దానికన్నా ఎక్కువనా నీ కత?" అంది.

మాది నంద్యాల జిల్లా మిడుతూరు. 2022లో కొత్త జిల్లాలు రాకముందు కర్నూలు జిల్లాలో ఉండేది. బట్టమేక పక్షుల కోసం పెట్టిన రోళ్ళపాడు అభయారణ్యం పేరు విన్నవారికి మా వైపు తెలిసే ఉంటుంది. అది మా మండలమే. పెళ్ళయ్యాక పన్నెండేళ్ళు నంద్యాలలో అద్దె ఇళ్ళలో కాపురం చేశాను. మామగారు పోయాక అత్తగారిని ఒంటరిగా వదల్లేక మూడేళ్ళ కిందట సామానుతో సహా ఇక్కడికి వచ్చేశాం. నాపరాళ్ళు పరిచిన పాత మిద్దె, వెనక దొడ్డి, దొడ్డిలో బర్రెల కొట్టం, కొట్టం పక్కన వామి, ఒక మూల కట్టెల కుప్ప. పట్నంలో రెండు గదుల్లో సర్దుకున్న నాకు ఇంత చోటు చూసి ప్రాణం లేచి వచ్చింది. ఆ చోటుకు మాకంటే ముందునుంచీ హక్కుదారులు ఉన్నారని తర్వాత తెలిసింది.

ఈ మాటలు రాస్తున్నది ఎలుకల మీద కోపంతో మాత్రమే కాదు. వాటిని తరమబోయి నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలని. అది మీరెవరూ చేయకూడదని.

మూడు రకాల అతిథులు

మనం అన్నిటినీ ఎలుక అనేస్తాం. మా ఇంట్లో ఉన్నవి మూడు రకాలు. బొటనవేలంత ఒళ్ళున్న చిట్టెలుక ఒకటి. కథలు తినేది అదే. పొడుగు తోకతో దూలాల మీద పరుగులు పెట్టే ఇంటి ఎలుక రెండోది. ఇక దొడ్డిలో మట్టి తోడి కుప్ప పోసే పందికొక్కు మూడోది. ఈ పందికొక్కు పేరునే ఇంగ్లీషువాళ్ళు 'బాండికూట్' అని పట్టుకుపోయారు. మన భాష నుంచి ప్రపంచానికి వెళ్ళిన కొద్ది మాటల్లో ఇదొకటి కావడం మన అదృష్టమో కాదో నాకు తెలీదు!

ఏది వచ్చిందో వాటి పెంటికలు చూస్తే తెలిసిపోతుంది. బియ్యపు గింజంత, కొనలు సన్నగా ఉంటే చిట్టెలుక. చిక్కుడు గింజంత ఉంటే పెద్ద ఎలుక. కీచుమంటూ గోడవార పోయే, మూతి పొడుగ్గా ఉన్న చుంచు అసలు ఎలుకే కాదు. దానికి పురుగులే ఎక్కువ ఇష్టం.

ఒక్క చిట్టెలుకే గదా అనుకోవడానికి లేదు. ఇరవై రోజుల్లో ఈనుతుంది. ఈతకు అయిదారు పిల్లలు. ఆ పిల్లలు నెలన్నర తిరిగేసరికి మళ్ళీ ఈనడానికి సిద్ధం. రోజుకు అది తినేది మూడు గ్రాములే. కానీ యాభైకి పైగా పెంటికలు వేస్తుంది, పోయిన చోటల్లా ఉచ్చ చుక్కలు విడుస్తుంది. తిన్నదానికంటే చెడగొట్టింది ఎక్కువ. పైగా ముందుపళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోవడానికి చెక్క, ప్లాస్టిక్కు, కరెంటు తీగ ఏది దొరికితే అది కొరుకుతుంది. అర్ధరాత్రి వినిపించే ఆ కిర్రు కిర్రు అదే.

మా ఊళ్ళో వీటి రాకకు ఒక కాలం ఉంది. వరి, మొక్కజొన్న కోతలయ్యాక పొలాల్లో తిండి తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లోకి సంచులు వస్తాయి. బండి వెనకే ఎలుకలు కూడా వస్తాయని అత్తగారి లెక్క.

నేను చేసిన తప్పు

కథ పోయిన కసితో మావారిని నందికొట్కూరు పంపి ఎలుకల మందు తెప్పించాను. నీలం రంగు బిళ్ళలు. చూడ్డానికి మిఠాయిల్లా ఉన్నాయి. అత్తగారికి ఇష్టం లేదు. "ఇంట్లో ఇసం పెట్టుకోని నిద్ర ఎట్ల పడతాదమ్మీ?" అంది. నలభై ఏళ్ళుగా ఈ గడప లోపలికి మందు రానివ్వలేదని కూడా చెప్పింది. పాతకాలం భయాలని నేను కొట్టిపారేశాను. డిగ్రీ చదివినదాన్ని గదా!

బీరువా కింద రెండు, సంచుల సందుల్లో నాలుగు, కొట్టంలో నాలుగు పెట్టాను. మూడోరోజు నుంచి చప్పుడు తగ్గింది. అయిదోరోజు నుంచి వాసన మొదలైంది. దూలాల పైన ఎక్కడో చచ్చింది. ఎక్కడో తెలీదు. వారం రోజులు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వంట చేశాను. వాసన పోయింది, నేను గెలిచానని మురిసిపోయాను.

సంక్రాంతికి మా ఆడబిడ్డ వచ్చింది, రెండేళ్ళ పాపను తీసుకుని. భోగి నాడు మధ్యాహ్నం మేమంతా బూరెల పనిలో ఉన్నాం. పాప బీరువా పక్కన కూర్చుని ఆడుకుంటోంది. కాసేపటికి నవ్వుకుంటూ వచ్చి నా కొంగు పట్టుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. పిడికిట్లో సగం బిళ్ళ!

ఆ తర్వాత జరిగింది వరసగా గుర్తు లేదు. ఆడబిడ్డ కూలబడిపోవడం, మావారు 108కి ఫోను చేయడం, ఎవరో "ఉప్పునీళ్ళు తాపండి, కక్కించండి" అంటుంటే అత్తగారు గట్టిగా వద్దనడం మాత్రం గుర్తున్నాయి. ఆవిడ చేసిన ఇంకో పని మమ్మల్ని కాపాడింది. చెత్తలో పడేసిన మందు పొట్లం కాగితం వెతికి తెచ్చి మావారి జేబులో పెట్టింది.

ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగింది ఆ కాగితమే. మేం వాడింది రక్తం గడ్డకట్టకుండా చేసే రకం మందట. నిదానంగా పనిచేస్తుంది, దానికి విరుగుడు ఉంది. విటమిన్ కె. పాప మింగింది కూడా కొంచెమే. వెంటనే ఏమీ తేడా కనబడదు కాబట్టి రెండు మూడు రోజులు రక్తపరీక్షలు చేసి చూశారు. పాపకు ఏమీ కాలేదు. కనుమ నాడు ఇంటికి వచ్చాం. నా ఆడబిడ్డ నన్ను ఒక్కమాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

డాక్టరు చెప్పిన మాట మాత్రం ప్రతి తల్లికీ తెలియాలి. అన్ని మందులూ ఒకటి కాదు. నల్లపొడిలా వచ్చే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోకి వెళ్ళగానే విషవాయువు పుట్టిస్తుంది. దానికి విరుగుడు లేదు. ముద్దలా వచ్చే పచ్చ భాస్వరం ఇంకా మోసకారిది. మింగిన రోజు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, రెండు మూడు రోజులకు కాలేయం దెబ్బతింటుంది. దానికీ విరుగుడు లేదు. అందుకే బాగానే ఉన్నారు గదా అని ఇంట్లో ఉంచుకోకూడదు. కక్కించే ప్రయత్నం చేయకూడదు. పొట్లం కాగితంతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఢిల్లీ ఎయిమ్స్ లో విషాల సమాచార కేంద్రం ఉంది. 1800 116 117కి డబ్బు ఖర్చు లేకుండా ఎప్పుడైనా ఫోను చేసి అడగవచ్చు.

అత్తగారి మౌనం వెనక

ఆ రాత్రి అందరూ పడుకున్నాక అత్తగారు నా పక్కన వచ్చి కూర్చుంది. మందు ఎందుకు వద్దంటుందో అప్పుడు చెప్పింది. ఆవిడకు ఒక చెల్లెలు ఉండేదట. పెళ్ళయిన రెండో ఏడు, ఇంట్లో ఏదో చిన్న మాట పట్టింపు. కోపంలో చెయ్యి అందుకున్నది గూట్లో ఉన్న ఎలుకల మందును. "గడియసేపు ఆగింటే కోపం పోయేది. దానికి గడియసేపు గూడా దొరకలేదమ్మీ. మందు దగ్గరే ఉండె," అంది. ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

దుఃఖం ఒక క్షణంలో ముంచెత్తుతుంది, మరో క్షణంలో తగ్గుతుంది. ఆ మధ్యలో చేతికి ఏది అందుతుందన్నదే చావుబతుకులను తేలుస్తుంది. ఇది మా అత్తగారి అనుభవం మాత్రమే కాదు. శ్రీలంకలో 1995 నుంచి మనుషులకు ఎక్కువ ప్రమాదమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చారు. ఇరవై ఏళ్ళలో అక్కడ ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. మనుషుల కష్టాలు అంతగా తగ్గాయని కాదు, విషం అందుబాటులో లేకపోయింది. మనసు బరువెక్కినప్పుడు మాట్లాడటానికి మనకూ ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు మీ ఇంట్లో అందరికీ తెలిసేలా రాసిపెట్టండి.

'ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు' అని సామెత. నేను చేసింది అక్షరాలా అదే. మర్నాడు మిగిలిన బిళ్ళలన్నీ లెక్కపెట్టి ఏరించాను. పెట్టినవి పది. దొరికినవి ఆరు, పాప చేతిలోది సగం. మిగతావి ఎలుకలే తిన్నాయో, ఇంకెక్కడైనా పడి ఉన్నాయో తెలియక ఇల్లంతా రెండుసార్లు ఊడ్చాం. ఆ తర్వాత అత్తగారి ముందు కూర్చుని, "నలభై ఏళ్ళు మందు లేకుండా ఎట్ల నెట్టుకొచ్చినావో చెప్పు," అన్నాను.

గింజను పైకెత్తాలి

అత్తగారి మొదటి పాఠం ఇది. "దానికి కూడు పెట్టి, మళ్ళ వచ్చిందని ఏడిస్తే ఎట్ల?"

వెనకటి రోజుల్లో మా వైపు జొన్నలు పాతరలో పోసేవారు. గట్టినేలలో బావిలా తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు నింపి, పైన మట్టితో గాలి చొరకుండా మూసేవారు. గాలి లేకపోతే పురుగు బతకదు, ఎలుక చొరదు. తెరిచిన రోజున మాత్రం వెంటనే లోపలికి దిగేవారు కాదు. లోపల చెడ్డగాలి నిండి ఉంటుంది గనుక ముందు దీపం దించి, అది ఆరిపోకుండా వెలిగితేనే మనిషి దిగేవాడు. ఇప్పుడు పాతర్లు పోయాయి. గింజలు సంచుల్లోకి వచ్చాయి. ఎలుకకు అంతకంటే ఏం కావాలి?

మేం చేసింది ఇది. రోజూ వాడే బియ్యం, కందులు, పప్పులు గట్టిమూత ఉన్న రేకు డబ్బాల్లోకి మార్చాం. ప్లాస్టిక్ డబ్బాలను కొరికేస్తాయి. పెద్ద సంచులకు నాలుగు రాతి కాళ్ళ మీద నాపరాయి బండ వేసి, నేలకు అడుగున్నర ఎత్తున అరుగులా చేయించాం. చిట్టెలుక ఒక అడుగు ఎత్తు వరకు ఎగరగలదు. కాళ్ళ మీదుగా పాకకుండా ఒక్కో కాలికి నున్నటి రేకు చుట్టించాం. సంచులకు, గోడకు మధ్య మనిషి నడిచేంత సందు వదిలాం. సంచి గోడకు ఆనించి ఉంటే దాని వెనకే ఎలుక కాపురం పెడుతుంది. సందు ఉంటే మన కళ్ళకు కనిపిస్తుంది, చీపురు పోతుంది, పిల్లి తిరుగుతుంది.

రాత్రిపూట కుడితి కుండ మూత పెట్టి ఉంచడం, తవుడు, చెక్క డ్రమ్ములో పోయడం, కోళ్ళకు వేసిన గింజలు చీకటి పడకముందే ఊడ్చేయడం. ఇవన్నీ చిన్న పనులే. అయితే ఒక్కరోజు మానితే మర్నాడు తెలిసిపోతుంది.

పెన్సిలు పరీక్ష

రెండో పాఠం సందులు మూయడం. తలుపు కింద సందులోకి పెన్సిలు దూరితే చిట్టెలుక కూడా దూరుతుంది. తల పట్టిందంటే ఒళ్ళంతా పట్టినట్టే. పెద్ద ఎలుకకు బొటనవేలు పట్టే సందు చాలు.

చీకటి పడ్డాక లోపల లైటు వేసి, బయట నిలబడి ఇంటిని చూడండి. ఎక్కడెక్కడ వెలుతురు గీతలా బయటికి వస్తుందో అక్కడ మీ ఎలుకల దారి ఉంది. మేం అలా చూస్తే మా ఇల్లు జల్లెడలా కనిపించింది! తలుపుల అడుగున, లోపలివైపు, నేలకు తాకేలా రేకుపట్టీ కొట్టించాం. మిద్దె గవాచికి, నీళ్ళు పోయే తూములకు పావు అంగుళం కన్నాల ఇనుప జాలీ బిగించాం. గోడల్లోని బొక్కలను ఉత్త మట్టితో పూడిస్తే రాత్రికి రాత్రే తోడేస్తాయి. గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, దాని మీద సిమెంటు మెత్తాలి. పీచు పళ్ళకు అడ్డం పడుతుంది. పాతగుడ్డలు, స్పాంజీ కుక్కితే వాటికి పరుపు వేసినట్టే!

మేస్త్రీ కూలి, జాలీ, రేకు, అన్నీ కలిపి ఒక శనగ సంచి ధర కూడా కాలేదు. రెండు సంచులు పోగొట్టుకున్నాక చేసిన ఖర్చు ఇది. ముందే చేసి ఉంటే సంచులూ మిగిలేవి.

దొడ్డి, కొట్టం, వామి

ఇల్లు మూసినా దొడ్డి వాటిదే అయితే లాభం లేదు. మా వామి ఇంటి గోడకు ఆనుకుని ఉండేది. గడ్డిలో గూడు, గోడ ఎక్కితే గవాచి. నిచ్చెన వేసి పిలిచినట్టు! ఈసారి వామిని దొడ్డి చివరకు మార్చి, కింద రాళ్ళు, కట్టెలు పేర్చి ఎత్తు చేసి వేయించాం. కంది కట్టె, పత్తి కట్టె కుప్పను కూడా గోడకు మూడడుగుల దూరం జరిపాం. మిద్దె మీదికి వాలిన వేపకొమ్మ కొట్టించాం. గోడ చుట్టూ గడ్డి లేకుండా రెండడుగుల మేర చదును చేయించాం. ఎలుక బయలులో తిరగడానికి భయపడుతుంది.

దొడ్డి శుభ్రం గురించి నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ఎక్కువ మంది చనిపోయిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. తెల్లారుజామున చీకట్లో కొట్టంలోకి వెళ్ళి పాలు పితికేది, కట్టెల కుప్పలో చెయ్యి పెట్టేది మనమే గదా! ఆ కుప్పలో ఎలుక లేకపోతే రక్తపింజరకు అక్కడ పని లేదు.

అలాగే ఎలుక జ్వరం. ఎలుక ఉచ్చ కలిసిన నీళ్ళు, బురద మన కాలి పగుళ్ళకో, గాయాలకో తగిలితే వస్తుంది. ఉన్నట్టుండి జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పులు, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరుతో "మా కొట్టంలో ఎలుకలు ఉన్నాయి" అని తప్పకుండా చెప్పండి. మొదట్లోనే పట్టుకుంటే మామూలు మందులతో తగ్గుతుంది. కొట్టంలోకి చెప్పులు లేకుండా వెళ్ళకండి. పెంటికలు ఉన్నచోట పొడిచీపురుతో దుమ్ము లేపకండి. బ్లీచింగ్ నీళ్ళు చల్లి, పది నిమిషాలు ఆగి, చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తడిగుడ్డతో తీసేయండి.

బోను పెట్టడం ఒక విద్య

అప్పటికే ఇంట్లో ఉన్నవాటిని పట్టాలి గదా! ఒక్క బోను తెచ్చి నట్టింట్లో పెడితే నెలైనా పడదు. ఎలుక గోడవారనే, మీసాలు గోడకు తగిలేలా పరుగెడుతుంది. బోను నోరు ఆ దారిలోనే ఉండాలి. చిట్టెలుక తన గూటికి నాలుగైదు బారల దూరం దాటి పోదు. అందుకని పెంటికలు కనిపించిన ప్రతి చోటా, రెండు మూడు గజాలకు ఒకటి చొప్పున పెట్టాలి. రోజుకొకటి పది రోజులు పెట్టడం కంటే, ఒకే రాత్రి పది పెట్టడం మేలు. నేను ఊళ్ళో అందరి దగ్గరా అడిగి పది పోగుచేశాను.

ఎరగా వేయించిన వేరుశనగ, కాల్చిన ఎండుకొబ్బరి, ఎండుచేప బాగా పనిచేశాయి. ఎర చిన్నదిగా ఉండాలి, కదలకుండా గుచ్చాలి. చిట్టెలుకకు కొత్త వస్తువంటే కుతూహలం, మొదటి రాత్రే వచ్చి చూస్తుంది. పెద్ద ఎలుకకు కొత్తదంటే అనుమానం. దాని కోసం బోనును నాలుగు రోజులు బిగించకుండా, ఎర మాత్రం పెట్టి అలవాటు చేయాలి. అయిదో రోజు బిగించాలి. మొదటి వారంలో మాకు పద్నాలుగు పడ్డాయి. రెండో వారం అయిదు. మూడో వారం ఒకటి.

జిగురు అట్టలు కూడా ఒకసారి తెచ్చాను. మళ్ళీ తేలేదు. దానికి అతుక్కున్న ఎలుక రాత్రంతా చావక, బతకక కీచుమంటూనే ఉంది. ఇంకో అట్ట మీద పాపం బల్లి. శత్రువైనా సరే, అలా చంపడం నాకు చేతకాలేదు. పట్టినవాటిని పక్క వీధిలో వదిలి రావడమూ పరిష్కారం కాదు. మనింటి పీడను పొరుగింటికి పంపడమే అది. స్ప్రింగు చెక్క అయితే ఒక్క దెబ్బతో పని అయిపోతుంది. బోనులో పడినవాటి సంగతి మావారు చూసుకునేవారు. నేను అటు తిరిగేదాన్ని కాను.

జీతం లేని కాపలాదారులు

మా చింతచెట్టులో ఒక గుడ్లగూబ జంట ఉంది. చావుపిట్ట అని దాన్ని రాళ్ళతో కొట్టడం నేను చూశాను. ఒక్క రాత్రిలో అది రెండు మూడు ఎలుకల్ని పట్టుకుపోతుంది. మలేసియాలో ఆయిల్ పామ్ తోటల్లో, ఇజ్రాయెల్ పొలాల్లో రైతులు వీటికోసం చెక్కపెట్టెలు కట్టి మరీ పిలుచుకుంటున్నారు. మనం వచ్చినదాన్ని తరుముతున్నాం. 1988లో ఏర్పడిన రోళ్ళపాడు అభయారణ్యంలోని పచ్చిక మైదానాలకు శీతాకాలంలో దూరదేశాల నుంచి పిల్లిగద్దలు వస్తాయి. మిడతలూ, చిట్టెలుకలూ వాటికి ఆహారం. బట్టమేక ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. ఉన్న పక్షులనైనా నిలబెట్టుకోవాలి. అలాగే విషం లేని జెర్రిపోతు. పాము అనగానే కర్ర తీస్తాం గానీ, పందికొక్కు బొక్కలోకి దూరి పట్టుకోగలిగింది అదే.

ఇక్కడే మందు చేసే రెండో అన్యాయం ఉంది. మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే గుడ్లగూబకూ ఆ మందే. పిల్లికీ అంతే. అంటే ఈ ఏడు ఎలుకల్ని చంపబోయి, వచ్చే ఏడు వాటిని పట్టేవాళ్ళను చంపుకుంటున్నామన్నమాట.

ఒక్క ఇంటి పని కాదు

మూడు వారాలకు మా ఇల్లు సద్దుమణిగింది. నెల తిరిగేసరికి మళ్ళీ కిర్రు కిర్రు. ఎక్కడి నుంచి? పక్కింటి కొట్టం నుంచి! అప్పుడు పొదుపు సంఘం సమావేశంలో ఈ మాట తెచ్చాను. మొదట అందరూ నవ్వారు. "ఎలుకలకు గూడా తీర్మానమా?" అన్నారు. మా పాప సంగతి చెప్పాక నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కరూ తమ ఇళ్ళలో జరిగినవి చెప్పసాగారు. మందు తిన్న ఎలుకను తిని చచ్చిన కుక్కపిల్ల, కొరికిన తీగతో కాలిన మోటారు, విత్తనానికి దాచిన వేరుశనగ మొత్తం పొట్టు మిగిలిన ఏడాది.

గోదావరి జిల్లాల్లో వరి పొలాల ఎలుకల మీద రైతులంతా ఒకే రోజు కదిలే పద్ధతి ఉంది. మార్టేరు వరి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చెప్పేదీ అదే, ఒక్క రైతు చేస్తే పక్క చేలోంచి మళ్ళీ వస్తాయని. వాళ్ళు పొలంలో చేసేదాన్ని మేం వీధిలో చేశాం. ఒక ఆదివారం మా వరసలోని ఏడిళ్ళవాళ్ళం కలిసి దొడ్లు శుభ్రం చేసుకున్నాం, చెత్త ఎత్తించాం, రాత్రికి అందరి ఇళ్ళలో బోన్లు పెట్టాం. 1994లో సూరత్ లో ప్లేగు వచ్చి దేశమంతా వణికింది గదా! ఆ మరుసటి ఏడు కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు గారి హయాంలో ఆ ఊరు మారింది చెత్త ఎత్తడంతోనే. అంత పెద్ద నగరానికి పనికొచ్చిన మంత్రం మా వీధికి పనికిరాదా?

ఆ ఆదివారం ఏడిళ్ళలో నాలుగిళ్ళ గూళ్ళ నుంచి మందు పొట్లాలు బయటపడ్డాయి. రెండు పప్పు డబ్బాల పక్కనే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఇకమీదట మందు ఇళ్ళలో దాచుకోవద్దని మాత్రం అందరం ఒప్పుకున్నాం. సంఘం పుస్తకంలో ఆ తీర్మానం నా చేతిరాతతోనే ఉంది.

మళ్ళీ సంక్రాంతి వచ్చింది. ఆడబిడ్డ వస్తుందో రాదోనని లోపల బెంగగానే ఉండింది. వచ్చింది. పాపకు మూడేళ్ళు. నేరుగా బీరువా దగ్గరికే పరుగెత్తి, బోర్లా పడుకుని కిందికి చూసింది. నా గుండె ఆగినంత పనైంది. అక్కడ ఏమీ లేదు, ఊడ్చిన బండ తప్ప. "ఏం లేదత్తా!" అని చేతులు తిప్పింది. ఆడబిడ్డ నా వైపు చూసి, వంటింట్లోకి వచ్చి బూరెల పిండి అందుకుంది.

ఎలుకలు కొట్టేసిన కథను మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాను. ఈసారి రేకు డబ్బాలో దాస్తున్నాను. మొన్న రాత్రి రాసుకుంటూ ఉంటే చీకట్లో కిర్రు కిర్రు మని చప్పుడు. కలం పడేసి, టార్చి తీసుకుని వసారాలోకి వెళ్ళాను.

అత్తగారు అడకత్తెరతో వక్కలు కత్తిరించుకుంటోంది. "నేనేలేమ్మీ! బోను తెచ్చేవు," అంది.